బోర్లించిన చేట

కిందటివారం పెద్దింట్లమ్మ తల వంచుకుని దంపుళ్ళ పాక వాకిలి దాటుతుండగా కథ ఆపాం. ఆ వాకిట్లో ఏం జరిగిందో తెలియనివారికి నాలుగు మాటల్లో చెబుతాను, తెలిసినవారు ఓపిక పట్టండి.

కొత్తపేట దగ్గర కంపెనీవారు తవ్వించిన కొత్త కాలవ మీద, లాకు దిగువన నీళ్ళు దూకేచోట, బుచ్చిరాజు గారు పెద్ద చక్రం పెట్టించారు. నీటి తోపుకు చక్రం తిరుగుతుంది, దాంతోపాటు ఇరుసు దుంగ తిరుగుతుంది. దుంగకు బిగించిన కొయ్య ముక్కులు రోకళ్ళను ఒకటొకటిగా పైకెత్తి రోళ్ళలోకి వదులుతాయి. ధాన్యం దంచడానికి మనిషి చెయ్యి అక్కర్లేదన్నమాట. ఇదంతా చేసినవాడు పడవల వడ్రంగి లోవరాజు. అతను మొదట పొట్టి ముక్కుల దుంగ వేశాడు. దంపు నెమ్మదిగా ఉందని రాజుగారు విసుక్కున్నారు. ముక్కులు ఎక్కువ పెట్టి రెండో దుంగ చేశాడు. ఎత్తిన రోకలి పూర్తిగా కిందికి దిగకముందే రెండో ముక్కు వచ్చి గుద్ది, రోకళ్ళు నిలువునా చీలాయి. మూడోది పొడుగు ముక్కుల దుంగ. అది తిరుగుతుంటే ఆ మోత లాకు అవతలికి వినబడేది. లోవరాజు పేరు అంబాజీపేట దాకా పాకింది.

అంతా బాగానే ఉంది కానీ బియ్యం నూకలవడం మొదలైంది. ధాన్యం అతిగా ఎండితే గింజ విరుగుతుంది, అది అందరికీ తెలిసిందే. ఎండబెట్టేది పెద్దింట్లమ్మ. తప్పు ఆవిడదేనని లోవరాజు నలుగురిలో తేల్చాడు. దంపుళ్ళవాళ్ళ కట్టుబాటు ప్రకారం ఆవిడ చేటను వాకిట్లో ఉన్న రాతి మీద తన చేత్తోనే బోర్లించాడు. చేట బోర్లపడ్డ మనిషికి ఆ చుట్టుపట్ల ఎవ్వరూ గింజ ఇవ్వరు. బోర్లించిన చెయ్యే నలుగురి ఎదటా దాన్ని వెల్లకిలా తిప్పాలి, అంతదాకా ఆ మనిషి ఉన్నా లేనట్టే. ఇప్పుడు ముందుకు వెళదాం.

అది జరిగిన కొద్దిరోజులకు ఒక పొద్దున లోవరాజు పెరటి గుమ్మంలో కూర్చుని బాడిసె నూరుకుంటున్నాడు. పెరట్లో అతని భార్య కాంతం ఇంట్లోకి బియ్యం దంచుతోంది. యంత్రం చేసినవాడి ఇంట్లో యంత్రపు బియ్యం తినరా అని మీరు అడగవచ్చు. కాంతం తినదు. నూకలు గొంతుకు అడ్డం పడతాయంటుంది.

మొదటి పోట్లకు కాంతం రోకలిని నుదుటికి పైదాకా ఎత్తి బలంగా వేస్తోంది. లోవరాజు నూరుడు ఆపి చూశాడు. ఎందుకు చూశాడో అతనికే తెలియదు. పెళ్ళైనప్పటినుంచీ ఆవిడ దంచుతూనే ఉంది, ఏనాడూ చూసిన పాపాన పోలేదు. పొట్టు ఊడేకొద్దీ రోకలి ఎత్తు తగ్గుతూ వచ్చింది. రొమ్ము దాకా లేచింది, తరవాత నడుం దాకానే లేచింది. ఆఖరికి దించేటప్పుడు కూడా రోకలిని ఆవిడ వదిలెయ్యడం లేదు, పట్టుకునే దింపుతోంది.

అతని చేతిలో బాడిసె అలాగే ఉండిపోయింది.

పొడుగు ముక్కుల దుంగ చేసేముందు లోవరాజు కొలత కోసం వెళ్ళింది పెద్దింట్లమ్మ దగ్గరికే. ఆ పేటలో ఆవిడంత చక్కగా దంచే మనిషి లేదు. "కాస్త దంచు అత్తా, చూసిపోతాను" అన్నాడు. ఆవిడ సంబరంగా రోలు కడిగి, ధాన్యం పోసి మొదలుపెట్టింది. పక్కన వెదురుబద్ద పాతి రోకలి ఎంత ఎత్తు లేస్తోందో దాని మీద గీత పెట్టుకున్నాడు. గీత పడగానే బద్ద పీక్కుని లేచాడు.

"ఉండు నాయనా, ఇంకా అవలేదు" అందావిడ.

"నాక్కావలసింది అయిపోయిందత్తా" అని వచ్చేశాడు.

మరి కాసేపు కూర్చుంటే చూసి ఉండేవాడు. ఆ గీత పొట్టు ఊడని ధాన్యానికి సరిపడే ఎత్తు. పొట్టు ఊడిన గింజ మీద కూడా అతని దుంగ అదే ఎత్తునుంచి, అదే బరువుతో, మొదటినుంచి చివరిదాకా పడేస్తూనే ఉంది. గింజ విరక్క ఏం చేస్తుంది? ఎండ తప్పు కాదు, ఎండబెట్టిన మనిషి తప్పూ కాదు. ఆవిడ రోకలితో ఆవిడ చేత్తోనే కొలత తీసుకుని, ఆ కొలతతో చేసిన తప్పును ఆవిడ నెత్తినే వేసి వచ్చాడు.

కాంతం తప్ప చుట్టూ ఎవరూ లేకపోయినా లోవరాజు తల ఎత్తలేకపోయాడు.

"ఏవండీ, అలా కూర్చుండిపోయేరేంటి?" అంది కాంతం రోకలి ఆపి.

"ఏం లేదు. నువ్వు దంచుకో" అని కండువా దులుపుకుని బయటపడ్డాడు. భార్యతో కూడా చెప్పుకోలేకపోయాడు చూడండి, అదీ అతని పరిస్థితి.

పాక దగ్గర అప్పటికే జనం మూగారు. పెద్దింట్లమ్మ స్థానంలో ఇప్పుడు చిట్టెమ్మ ఎండబెడుతోంది. నలుగురు పిల్లల తల్లి, నోట్లో నాలుక లేని మనిషి. ఆమె ఎండబెట్టిన ధాన్యం కూడా నూకే అయింది. బుచ్చిరాజు గారు బియ్యం గుప్పిట్లోకి తీసుకుని విసురుగా నేలమీద చల్లారు.

"ఈవిడా అంతేనట్రా! ఒకరిని మించినవాళ్ళొకరు దొరికేరు నాకు. లోవరాజూ, ఈ చేట కూడా బోర్లించు."

చిట్టెమ్మ చేటను రెండు చేతులతో గుండెకు హత్తుకుంది. "లేదండీ రాజుగారండీ, నీడలోకి తీసేనండీ, పళ్ళతో కొరికి చూసి మరీ తీసేనండీ. లోవరాజు గారూ, మీరైనా చెప్పండి బాబూ."

అందరూ లోవరాజు వైపు చూశారు. యంత్రం చేసినవాడే తీర్పరి, అతను ఎవరి చేట అంటే వాళ్ళ చేట. అతను ఒక్క మాట చెబితే చాలు. ఆ మాట గొంతు దాకా వచ్చింది కూడా. నలుగురి మొహాలూ చూసేసరికి అక్కడే ఆగిపోయింది.

"రాజుగారండీ, తమరొకసారి ఇలా రండి" అన్నాడు.

చక్రం వెనక నీళ్ళ హోరులో, మూడో మనిషికి వినబడని చోట, చెప్పేశాడు. దుంగ ముక్కులు రోకలిని మరీ ఎత్తుకు లేపుతున్నాయని చెప్పాడు. కొలత తనదే తప్పని, చిట్టెమ్మ తప్పేం లేదని, పెద్దింట్లమ్మదీ లేదని చెప్పాడు.

బుచ్చిరాజు గారు మీసం సవరించుకుంటూ విన్నారు. ఆయనేమీ రాక్షసుడు కాదు. పేరంటే మహా ప్రీతి ఉన్న మనిషి, అంతే.

"మరి ఏ దుంగ వెయ్యాలంటావు?"

"మొదటిదేనండీ. పొట్టి ముక్కులది. నెమ్మదిగా దంచుద్ది కానీ గింజ విరగదండి."

"అయితే వేసెయ్. దానికింత గోలెందుకు?"

"మరి పెద్దింట్లమ్మత్త..."

"ఏరా, నీకు మతి ఉందా?" ఆయన గొంతు తగ్గించారు. "ఈ చక్రం చూసి నాలుగు ఊళ్ళ వాళ్ళు తమ కాలవ మీద కూడా కట్టించమని కబురు పెట్టేరు. ఆ పనులన్నిటికీ నిన్నే మేస్త్రీని చేస్తానని మాటిచ్చేను. ఇప్పుడు నువ్వెళ్ళి, కొలత తప్పేను, ముసలమ్మ మీద నింద వేసేను అని చాటుకుంటావా? నిన్నెవరు పిలుస్తారు? నన్నెవరు నమ్ముతారు? కాలవలో నీళ్ళు తగ్గేయని చెప్పి దుంగ మార్చు. బియ్యం బాగుపడుద్ది. చిట్టెమ్మ చేట జోలికి వెళ్ళం. ఆ ముసలమ్మ సంగతి నాలుగు రోజులు పోయేక మెల్లగా చూద్దాం."

లోవరాజు ఏమన్నాడని అడుగుతారు. "ఆయ్, అలాగేనండి" అన్నాడు. నేను అతని పక్షం మాట్లాడను. సాయంత్రంలోగా దుంగ మారిస్తే రేపటినుంచి ఎవరికీ అన్యాయం ఉండదని తనకు తనే చెప్పుకున్నాడు. నిజానికి ఆ నలుగురి మొహాలనుంచి తప్పించుకోవడానికి ఒక దారి దొరికింది, దాన్ని గట్టిగా పట్టుకున్నాడు.

చక్రం ఆపించి, పొడుగు ముక్కుల దుంగ దింపి, మూల పడి ఉన్న పాత దుంగను ఎక్కించాడు. పొద్దు వాలకముందే రోకళ్ళు మళ్ళీ లేచాయి. మోత తగ్గింది. రోకళ్ళు తీరిగ్గా లేచి మెత్తగా దిగుతున్నాయి. చిట్టెమ్మ మొదటి వాయి తీసి చెరిగింది. బియ్యం విరగలేదు. తెల్లగా, కొస కూడా పోకుండా, చేట నిండా నిలిచింది.

జనం ఆనందం చూడాలి! గుప్పిళ్ళతో తీసి ఒకరికొకరు చూపించుకున్నారు.

"చూసేరా, పెద్దింట్లమ్మ చెయ్యి తప్పుకోగానే బియ్యం ఎలా బాగుపడ్డాయో!" అంది ఒకామె.

"పొద్దున్నవి మిగిలిపోయిన పాత ధాన్యం అయ్యుంటాయి. అవీ ఆవిడ ఎండబెట్టినవేగా" అంది ఇంకొకామె.

"లోవరాజు కన్ను కన్నే. ముందే పట్టేడు" అన్నాడు ఒక పెద్దమనిషి, భుజం తట్టి మరీ.

లోవరాజు అలా నిలువునా కాలిపోయాడు. దుంగ మారిస్తే తప్పు సర్దుకుంటుందనుకున్నాడు. సర్దుకోలేదు సరికదా, నిన్నటిదాకా అనుమానంగా ఉన్నది ఇవాళ రుజువైపోయింది. అతను బాగుచేసిన ప్రతి గింజా పెద్దింట్లమ్మ మీద సాక్ష్యం చెబుతోంది. రేపు ఇంకా మంచి బియ్యం వస్తాయి, ఎల్లుండి ఇంకా మంచివి వస్తాయి. ఆవిడ పేరు ఇంకా కిందికి పోతుంది. భుజం తట్టిన ఆ చేతిని తోసెయ్యాలనిపించింది. తోసెయ్యలేదు, ఒక వెర్రినవ్వు నవ్వాడు. ఆ నవ్వు గుర్తొచ్చినప్పుడల్లా తరవాత చాలాకాలం అతను నేలచూపులు చూసేవాడు.

ఇంటికెళ్ళి కంచం ముందు కూర్చున్నాడు. ఎన్నో ఏళ్ళ కిందట కె.గంగవరం నుంచి పనికోసం ఈ పేటకు వచ్చినప్పుడు, మొదటి పూట అన్నం పెట్టింది పెద్దింట్లమ్మే. "వంటి మీద కండ లేదు, బాడిసె ఏం ఎత్తుతావు నాయనా" అని గంజిలో ఇంత ఉప్పు వేసి ముందు పెట్టింది. ఆ మాట ఇప్పుడు చెవిలో వినబడుతుంటే అతను కంచం పక్కకు జరిపేశాడు. కాంతం అడిగితే చెప్పాడు. ఈసారి అంతా చెప్పాడు.

కాంతం అతను జరిపిన కంచం మీద మూత పెట్టింది.

"మరి రాజుగారు మిమ్మల్ని మేస్త్రీని చేస్తానన్నారు కదండీ" అంది.

"ఆయ్, అన్నారు."

"అత్త చేట రాతి మీదే ఉందా?"

"ఉంది."

"వాన పడితే పాడైపోద్దండీ" అంది కాంతం. అంతకుమించి చెప్పక్కర్లేకపోయింది.

తెల్లారింది. పడవలొచ్చే రోజు కావడంతో పాక వాకిట్లో కొలువు తీరినట్టు జనం ఉన్నారు. కొబ్బరికాయల బేరగాళ్ళు వచ్చారు, పడవలవాళ్ళు వచ్చారు, ధాన్యం తెచ్చిన రైతులు ఉన్నారు. బుచ్చిరాజు గారు పట్టెమంచం మీద కూర్చుని పొరుగూరి వాళ్ళకు చక్రం గొప్ప చెబుతున్నారు. లోవరాజు వచ్చి తిన్నగా చక్రం దగ్గరికి వెళ్ళి నీళ్ళ తలుపు దించేశాడు. చక్రం ఆగింది. రోకళ్ళు ఆగాయి. ఆ నిశ్శబ్దానికి అందరూ తిరిగి చూశారు.

అతను రాతి దగ్గరికి నడిచాడు. పెద్దింట్లమ్మ చేట మీద దుమ్ము పేరుకుని ఉంది. అంచున ఆవిడ పాతగుడ్డ పీలికతో కుట్టుకున్న కుట్లు కనబడుతున్నాయి.

"ఏరా, ఏం చేస్తున్నావు?" అన్నారు బుచ్చిరాజు గారు.

"అందరూ వినండి" అన్నాడు లోవరాజు. "బియ్యం నూకైంది ధాన్యం వల్ల కాదండీ. నా దుంగ వల్ల. ముక్కులు ఎత్తెక్కువ పెట్టేను. ఆ ఎత్తు పెద్దింట్లమ్మత్త రోకలి చూసి కొలుచుకున్నదే. సగం చూసి లేచొచ్చేసేను. ఉండమంది, ఉండలేదు. తప్పు నాది. ఆవిణ్ణి మీ అందరి ముందూ దొంగని చేసినట్టు చేసేను. నిన్న తెలిసి కూడా నోరు మూసుకున్నాను. దుంగ మార్చేను కానీ మాట మార్చలేదు. మీరు నన్ను మెచ్చుకుంటే నవ్వేను కూడా."

చేటను రెండు చేతులతో ఎత్తి వెల్లకిలా తిప్పాడు. దుమ్ము మొహం మీద పడింది. తుడుచుకోలేదు.

నిన్న భుజం తట్టిన పెద్దమనిషి కాలవ వైపు చూస్తున్నాడు. పొరుగూరి వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని లేచారు. బుచ్చిరాజు గారి మొహం కందగడ్డలా అయింది. లోవరాజుకు సిగ్గు తగ్గలేదు. చెప్పేస్తే బరువు దిగుతుందని అందరూ అంటారు, అతనికి దిగలేదు. కానీ నిన్నటి సిగ్గుకూ దీనికీ తేడా ఉంది. నిన్న తల దించుకుని నిలబడ్డాడు, ఇవాళ తల ఎత్తి సిగ్గుపడుతున్నాడు.

కట్టు ప్రకారం తిప్పిన చేటను దాని మనిషే వచ్చి అందుకోవాలి. అందుకునేదాకా చక్రం తిరగకూడదు.

"ఎవరైనా వెళ్ళి అత్తను పిలుచుకురండి" అన్నాడు లోవరాజు.

అప్పుడు జనం వెనకనుంచి చిట్టెమ్మ ముందుకొచ్చింది. ఆమె కళ్ళు వాచి ఉన్నాయి.

"ఆవిడ లేదండీ లోవరాజు గారూ."

"లేకపోవడమేంటి?"

"వేకువనే గౌతమి రేవులో పడవెక్కేసిందండీ. కోరంగిలో ఓడ ఉందంట. సముద్రం అవతల చెరుకు తోటల్లోకి కూలీలని తీసుకెళ్ళే మేస్త్రీ వచ్చేడు కదండీ, ఆ మేస్త్రీతో." చిట్టెమ్మ పమిట నోటికి అడ్డం పెట్టుకుంది. "నిన్నటిదాకా వెళ్ళనందండీ. నా ఎండ నాకు తెలుసు, ఎప్పటికైనా నిజం తేలుద్ది, లోవరాజే వచ్చి చెప్తాడు చూడండే అనేదండీ. సాయంత్రం మనవాళ్ళు కొందరు ఆ మంచి బియ్యం పట్టుకెళ్ళి చూపించేరు."

లోవరాజు చేటతోనే ఆమె దగ్గరికి నడిచాడు.

"ఏమంది?"

"గుప్పిట్లోకి తీసుకుని చాలాసేపు చూసిందండీ. 'అయితే తప్పు నాదేనన్నమాట. కళ్ళు పోయేయి కాబోలు, ఎండ తెలియట్లేదు. పాపం, ఆ లోవరాజుని ఇన్నాళ్ళూ మనసులో తిట్టుకున్నాను' అందండీ."

ఆ మాట విన్న తరవాత లోవరాజు ఇంకెవరి మొహమూ చూడలేదు. నింద వేసినప్పుడు ఆవిడ నమ్మలేదు. అతను తప్పు దిద్దిన తీరు చూసి నమ్మింది. ఒక్క పూట నోరు మూసుకున్నందుకు, ఆవిడ తనను తానే దోషిగా ఒప్పుకుని దేశం విడిచిపోతోంది, పైగా అతని కోసం జాలిపడుతూ.

చేట చంకలో పెట్టుకుని రేవు వైపు పరుగెత్తాడు.

"లోవరాజూ!" వెనకనుంచి బుచ్చిరాజు గారి అరుపు వినబడింది. "ఈ వాకిలి దాటేవంటే మళ్ళీ నా చక్రం మీద చెయ్యి వెయ్యొద్దు!"

అతను వాకిలి దాటాడు.

రేవులో పడవ నడిపే అప్పన్న తాడు విప్పుతున్నాడు. లోవరాజు చేసిన పడవే అది. సంగతంతా విని అప్పన్న ఏటి వైపు, ఆకాశం వైపు చూశాడు.

"ఆటు తీస్తోంది బావా, నీటివాలుకి యానాం దాకా లాగేద్దాం. కోరంగిలో ఓడ కదలకపోతే అందుకోవచ్చు. కానీ అక్కడ కూలీలని దొడ్లో పెట్టి తలుపేస్తారు. పేరు చెప్పి పిలిపించుకోవాల్సిందే, మేస్త్రీలు లోపలికి పోనివ్వరు."

"పేరు తెలియకేం? పెద్దింట్లమ్మ అని చెప్తాను. పద."

పడవ కదులుతుండగా గట్టు మీద చిట్టెమ్మ రొప్పుతూ పరుగెత్తుకొచ్చింది. మోకాటి లోతు నీళ్ళలోకి దిగి పడవ అంచు పట్టుకుంది.

"ఆ పేరు చెప్తే పలకదండీ! మేస్త్రీ పేరు అడిగితే వేరేది చెప్పి వేలిముద్ర వేసిందంట. బోర్లపడ్డ పేరుని సముద్రం దాటించడమెందుకు, ఇక్కడే వదిలేసి పోతాను అందండీ."

"ఏ పేరు చెప్పింది?"

చిట్టెమ్మ తల అడ్డంగా ఊపింది. "ఎవరికీ చెప్పలేదండీ."

అప్పన్న గెడ ఆపి లోవరాజు మొహంలోకి చూశాడు. ఏరు పడవను అప్పటికే లోపలికి లాగుతోంది. చిట్టెమ్మ చెయ్యి అంచునుంచి జారిపోయింది. లోవరాజు చేటను ఒళ్ళో వెల్లకిలా పెట్టుకుని, ఆవిడ వేసుకున్న కుట్ల మీద చెయ్యి ఆనించి కూర్చున్నాడు.

"ఏమంటావు బావా, వెనక్కి తిప్పనా?" అన్నాడు అప్పన్న.

"ముందుకే పోనీ" అన్నాడు లోవరాజు. "పేరు పిలిస్తే పలక్కపోయినా, ఈ చేట చూస్తే గుర్తుపడుద్ది."